నెమరు వేయు పశువు, మూయని గొయ్యి

పాఠ్యభాగములు: లేవీయకాండము 11:1-8, నిర్గమకాండము 21:33, 34.



ఈ మాసపు పాఠము కొరకు మనము దూరము పోనక్కరలేదు. మీ పశువుల పాకలోనికి పోయి, మేత మేసి పండుకొనియున్న గేదె యెదుట కొంచెము సేపు కూర్చుండుడి. దాని మెడవైపు చూడుడి. లోపలనుండి ఒక ఉండ మెడ వెంబడి పైకి వచ్చును. దవడ ప్రక్కవాటుగా కదలనారంభించును. సుమారు ఒక నిమిషము నమిలిన తరువాత ఆ ఉండ మరల క్రిందికి దిగును. గేదె కొన్ని క్షణములు ఊరకుండి మరియొక ఉండను తెచ్చుకొనును. దీనినే నెమరు అందుము. చిన్ననాటినుండి చూచుచున్నదే గనుక మనము దీనిని గూర్చి ఆలోచించుట లేదు.

లేవీయకాండము పదునొకండవ అధ్యాయములో, డెక్కలు చీలి నెమరు వేయు జంతువులను ఇశ్రాయేలీయులు తినవచ్చునని నియమింపబడినది. ఈ భాగమునుండి మేము పలుమార్లు ప్రసంగించితిమి. నెమరు వేయుట దేవుని వాక్యమును ధ్యానించుటకు పోలికయని చెప్పితిమి. పోలిక మంచిదే. గాని పశువు నిజముగా ఏలాగు నమలునో, ఏలాగు మ్రింగునో సరిగా తెలిసికొనకయే చెప్పితిమి. అట్లు తెలియకపోవుటవలన మా సంఘములో ఒక ఇంటికి కలిగిన నష్టమును ఈ పాఠము కడపట చెప్పెదము. ముందు పశువు సంగతి నేర్చుకొందము.

1. పశువు నోటిలోని పళ్ళు

సంతలో కోడెను బేరమాడు రైతు మొట్టమొదట దాని నోరు తెరచి చూచును. పాలపళ్ళా, రెండు పళ్ళా, నాలుగు పళ్ళా, ఆరు పళ్ళా, కడపళ్ళు వచ్చినవా అని చూచి వయస్సు చెప్పును. అతడు చూచునవన్నియు క్రింది దవడ ముందుపళ్ళే. పై దవడకు ముందుపళ్ళు లేవు. అవి ముసలితనమున ఊడిపోయినవి కావు, పుట్టుకతోనే లేవు. వాటికి బదులు గట్టి చిగురు ఒకటి మెత్తవలె నుండును. ఎదిగిన పశువునకు మొత్తము 32 పళ్ళు. క్రింద ముందువైపున 8, రెండు దవడలకు ఇరుప్రక్కల కలిసి 24 దవడపళ్ళు. ఆవునకు, గేదెకు, మేకకు, గొఱ్ఱెకు లెక్క ఇదియే.

కావున గేదె గడ్డిని మనము చెరకు కొరికినట్లు కొరుకదు. గరుకైన నాలుకను చాచి, గడ్డిని చుట్టి లోపలికి లాగి, క్రింది పళ్ళకును పై చిగురునకును నడుమ నొక్కిపట్టి, తల విసరి తెంపును. మేక పెదవులు చురుకైనవి. ముళ్ళకంపలోనుండి ఒక్కొక్క ఆకును అది ఏరుకొనగలదు. గేదెకును ఆవునకును అట్టి నేర్పు లేదు. నాలుకకు చుట్టుకొనినదంతయు లోపలికి పోవును. ఈ సంగతి జ్ఞాపకముంచుకొనుడి. దీనితో మనకు ముందు పని యున్నది.

దవడపళ్ళు తిరుగలిరాళ్ళ వంటివి. క్రింది దవడ పై దవడకంటె ఇరుకు గనుక పశువు ఒక్కసారికి ఒక ప్రక్కనే నమలును. దవడ పైకి క్రిందికి మాత్రమే గాక అడ్డముగా కూడ తిరిగి గడ్డిని విసురును. తిరుగలి అరిగిన యెడల మనము ఉలితో గంట్లు పెట్టించవలెను. పశువు పంటికి ఆ అక్కర లేదు. పంటిలో గట్టి పొర, మెత్తని పొర కలిసి యుండును. మెత్తనిది ముందుగా అరుగును, గట్టిది చిన్న గట్టువలె నిలుచును. అందుచేత అరుగుచున్నను గరుకు పోదు.

2. తొందరగా మ్రింగుట, తీరికగా నమలుట

గేదె మేయునప్పుడు సరిగా నమలదు. గడ్డిని రెండు మూడు త్రిప్పులు త్రిప్పి, చొంగతో తడిపి మ్రింగివేయును. క్రూరమృగములు తిరుగు బయలులో తల వంచుకొని చాల సేపు మేయుట అపాయము. అందుచేత త్వరగా మ్రింగి, భద్రమైన చోటికి చేరి, అక్కడ తీరికగా నమలుట ఇట్టి జీవులకు మేలైనదని తెలిసినవారు చెప్పుదురు.

పాకకు చేరిన తరువాత అసలు నమలుట ఆరంభమగును. ఒక్కొక్క ఉండను సుమారు 40 మొదలు 60 పర్యాయములు నమలును. ఎండుగడ్డి తిను పశువు దినమునకు ఏడెనిమిది గంటలు నెమరు వేయును. ఇందులో ఎక్కువ భాగము రాత్రివేళనే, పండుకొని యుండగానే జరుగును. మనము నిద్రించుచుండగా అది మనకు పాలు సిద్ధపరచుచున్నది.

ఇట్లు నమలునప్పుడు చొంగ విస్తారముగా ఊరును. పెద్ద పాడి ఆవునకు ఒక్క దినమున నూరు లీటర్లకు పైగా ఊరునని లెక్కించిరి. ఆ చొంగలో మనము వంటలో వాడు సోడా వంటి ఉప్పు గలదు. అది కడుపులోని పులుపును విరుచును. నెమరు తగ్గినచో చొంగ తగ్గును, చొంగ తగ్గినచో కడుపులో పులుపు పెరుగును.

3. నాలుగు అరల కడుపు

పశువు కడుపు నాలుగు అరలుగా నుండును. మొదటిది పెద్దపొట్ట. దీనిని వైద్యులు రూమెన్ అందురు. అది ఎడమవైపున నుండును. పెద్ద పశువులో నూరు లీటర్లకు పైగా పట్టును. అందులో కంటికి కనబడని సూక్ష్మజీవులు కోట్లకొలది యున్నవి. గడ్డిలోని నారను జీర్ణము చేయు శక్తి గేదెకు లేదు. ఆ పనిని ఈ సూక్ష్మజీవులే చేయును. గేదె వాటికి ఇల్లు, మేత, వెచ్చదనము ఇచ్చును. అవి గేదెకు బలము ఇచ్చును. ఆ పనిలో పుట్టు వాయువును గేదె తేన్పులుగా వదలును. తేన్పు ఆగినచో ఎడమ డొక్క ఉబ్బును.

రెండవది తేనెపట్టు వలె గళ్ళుగళ్ళుగా నుండు చిన్న అర. అది గుండెకు చేరువగా, నడుమ ఒక పలుచని తెర మాత్రమే అడ్డుగా నుండును. బరువైనది ఏది మ్రింగినను ఇందులో పడి నిలుచును. మూడవది పుస్తకపు ఆకులవంటి మడతలు గల అర. నాలుగవది మన జీర్ణాశయము వంటిది. మెత్తగా నలిగినది మాత్రమే రెండవ అర దాటి మూడవదానిలోనికి పోగలదు. నలుగని గడ్డి మరల నోటికి వచ్చి నమలబడును.

పశువు ఆరోగ్యముగా నున్నదా అని తెలిసికొనగోరినచో ఎడమ డొక్కలో పిడికిలిని అదిమిపట్టుడి. నిమిషమునకు ఒకటి రెండు పర్యాయములు లోపల అల వచ్చినట్లు తెలియును. ఆ అల లేకున్నను, నెమరు ఆగిపోయినను, ఏదో కీడు జరిగినదని గ్రహింపవలెను. జ్వరము, నొప్పి, భయము ఏది కలిగినను పశువు నెమరు మానును.

4. ఇతర జీవులు ఏలాగు తినును?

కుక్క దవడ కత్తెర వలె పైకి క్రిందికి మాత్రమే ఆడును. అది మాంసమును ముక్కలుగా తెంపి మ్రింగును, అడ్డముగా విసరలేదు. గుఱ్ఱమునకు పైనను క్రిందను ముందుపళ్ళు గలవు. దాని కడుపు ఒకే అర గలది, నెమరు లేదు. అందుచేత మ్రింగకముందే అది బాగుగా నమలవలెను. కోడికి పళ్ళు లేవు. అది మ్రింగిన చిన్న రాళ్ళు కందనకాయలో చేరి గింజలను నూరును. అందుకే కోడి నేలను గీరి ఇసుక రేణువులను ఏరుకొనును.

మన పాఠ్యభాగములో ఒంటె, పొట్టి కుందేలు, కుందేలు, పంది పేర్కొనబడినవి. ఒంటె నిజముగా నెమరు వేయును, గాని దాని పాదము క్రింద మెత్తని దిండు వంటిది గలదు. పందికి డెక్కలు చీలియున్నవి, కడుపు మాత్రము ఒకే అర. కుందేలు ఆవువలె కడుపులోనుండి ఉండను తెచ్చుకొనదు. అయినను దాని మూతి ఎప్పుడును కదలుచునే యుండును. అంతేగాక అది తాను విసర్జించిన మెత్తని గోళీలను మరల తినును. ఆ విధముగా దాని మేత రెండుమార్లు లోపలికి పోవును. పొలమునకును పాకకును దగ్గరగా బ్రదికిన ప్రజలు జంతువుల నోటిని ఎంత శ్రద్ధగా చూచిరో ఈ అధ్యాయమువలన తెలియుచున్నది.

5. రెండు అపాయములు

మొదటిది అన్నము. ఎండుగడ్డిని నమలవలెను గనుక చొంగ ఊరును. అన్నము, నూకలు, పిండి మాత్రము నమలనక్కరలేకుండ జారిపోవును, చొంగ ఊరదు. పెద్దపొట్టలో అది త్వరగా పులిసి ఆమ్లమగును. గడ్డిని జీర్ణము చేయు సూక్ష్మజీవులు ఆ పులుపులో చచ్చును. రక్తములోని నీరు కడుపులోనికి లాగబడును. పశువు తూలును, పారుకొనును, కూలబడును. అలవాటు లేని పశువు ఒక్కసారి కడుపార అన్నము తినినచో రెండు మూడు దినములలో చావవచ్చును. మనుష్యునికి విందు అయినది పశువునకు విషమగును.

రెండవది ప్లాస్టిక్ కవరు, ఇనుప తీగె, మేకు. గేదె నాలుక ఏరుకొనలేదని పైన చెప్పితిమి. అన్నము వాసన గల కవరు ముడి వేసియున్నచో అది ముడి విప్పలేదు, కవరుతో కూడ మ్రింగును. కవరును సూక్ష్మజీవులు జీర్ణము చేయలేవు. అది నలుగదు గనుక మూడవ అరలోనికి పోదు. పెద్దపొట్టలోనే నిలిచి, ఒకదానితో ఒకటి పెనవేసికొని, మేతకు చోటు లేకుండ చేయును. తీగె లేక మేకు తేనెపట్టు అరలో పడి, కడుపు కదలినప్పుడెల్ల గ్రుచ్చుకొని, కొన్నిసార్లు గుండెవరకు పోవును. అట్టి పశువు వీపు వంచి నిలుచును, మోచేతులు దూరముగా పెట్టును, పల్లమునకు దిగుటకు భయపడును.

ఇది ఒక్క గ్రామపు సంగతి కాదు. పుట్టపర్తిలోని కరుణ సొసైటీ అను జంతు సంరక్షణ సంస్థవారు ఆవుల కడుపులు కోసి ప్లాస్టిక్‌ను తీయించి, 2012లో ఈ విషయమై సుప్రీంకోర్టుకు పోయిరి. 2022 జూలై 1 నుండి ఒక్కసారి వాడి పారవేయు ప్లాస్టిక్ పళ్ళెములు, గ్లాసులు, చెంచాలు మన దేశములో నిషేధింపబడినవి. నిషేధము వచ్చినను మన విందులలోనుండి అవి ఇంకను పోలేదని మీరును ఎరుగుదురు.

6. మా సంఘములో జరిగినది

2023 డిసెంబరులో మా సంఘపు క్రిస్మస్ ప్రేమవిందు జరిగెను. మధ్యాహ్నము మూడువందలమంది భుజించిరి. అన్నము చాల మిగిలెను. ప్రార్థనాలయము వెనుక, చెత్త వేయుటకు మేమే త్రవ్వించిన గొయ్యి యుండెను. మిగిలిన అన్నమును, సాంబారు తెచ్చిన కవర్లను, గ్లాసులను యౌవనస్థులు అందులో పారవేసిరి. పూడ్చుమందురా అని వారు మమ్మును అడిగిరి. అలసియున్నారు, రేపు చూతమని మేమే చెప్పితిమి.

ఆ సాయంకాలము చీకటి పడువేళ మా సంఘములోని ఒక విధవరాలి గేదె పలుపు తెంచుకొని వచ్చి ఆ అన్నమును తినెను. ఆమెకున్నది ఆ గేదె ఒక్కటే. పూటకు మూడు లీటర్ల పాలు కేంద్రములో పోసి మనుమరాలిని చదివించుకొనుచుండెను.

మరునాడు తెల్లవారుసరికి గేదె తల వ్రేలవేసి నిలిచెను, గడ్డి ముట్టలేదు. సాయంకాలమునకు కూలబడెను. పశువైద్యుడు వచ్చి మందులు పోసి సెలైను పెట్టెను. మూడవ దినమున గేదె చచ్చెను. వైద్యుడు కడుపు కోసి మాకు చూపెను. పులిసిన అన్నపు ముద్దతో కూడ, చేంతాడువలె పెనవేసికొనిన కవర్ల మూట బయటపడెను. అది ఒక్క రాత్రి తినినది కాదు, నెలల తరబడి మ్రింగినది. అందులో మా సండేస్కూలు పిల్లలకు బిస్కెట్లు పంచిన కవర్లు కూడ ఉండెను. వాటిని మేము గుర్తుపట్టితిమి.

ఆ తల్లి మాతో ఇట్లనెను: “అయ్యగారూ, రాత్రి రెండు గంటలకే నాకు అనుమానం వచ్చింది. నెమరు వేసే చప్పుడు వినబడలేదు. ఇంట్లో గొడ్డు ఉన్నన్నాళ్ళూ ఆ చప్పుడు వింటూనే నిద్రపోతాను. మిమ్మల్ని లేపుదామనుకున్నాను. పండగ చేసి అలిసిపోయుంటారులే అని ఊరుకున్నాను.”

మేమేమి చెప్పగలము? అంతకు రెండు ఆదివారముల ముందే నెమరును గూర్చి ముప్పావుగంట ప్రసంగించితిమి. ఆమె ముందు వరుసలో కూర్చుండి వినెను. నెమరు అనగా ఏమో ఎరిగినది ఆమెయే, మేము కాము.

7. గొయ్యి ఎవరిది?

ఆ వారమే సంఘ పెద్దలు కూడిరి. “పశువుని కట్టుకోవాల్సింది ఆమె కదండీ. మనం చంపలేదు కదా” అని ఒక పెద్ద అనెను. ఆ మాట కొట్టివేయదగినది కాదు. పలుపు పాతదని ఆమెయే ఒప్పుకొనెను. అప్పుడు మరియొకరు నిర్గమకాండము ఇరువదియొకటవ అధ్యాయము తెరచి 33, 34 వచనములు చదివిరి. ఒకడు గొయ్యి త్రవ్వి దానిని మూయకపోయినందున ఎద్దు గాని గాడిద గాని అందులో పడి చచ్చినయెడల, గొయ్యి గలవాడు దాని వెలను యజమానునికి ఇయ్యవలెననియు, చచ్చినది గొయ్యి గలవానిదగుననియు ఆ వచనముల భావము. ఆ పశువు ఎందుకు కట్టబడలేదు అని అక్కడ అడుగబడలేదు. గొయ్యి మూయబడెనా లేదా అన్నదే ప్రశ్న.

గది నిశ్శబ్దమాయెను. మొదట అభ్యంతరము చెప్పిన పెద్దయే, “గొయ్యి మనదేనండి” అనెను. “పూడ్చవద్దన్నది మేమే” అని మేము చెప్పితిమి.

గేదె వెల 70,000 రూపాయలని నిర్ణయమాయెను. సంఘపు నిధిలో నున్న 22,000 రూపాయలు ఆ వారమే ఇచ్చితిమి. మిగిలినది ప్రతి మాసపు మొదటి ఆదివారపు కానుకలోనుండియు, మా జీతములోనుండియు చెల్లించితిమి. కడపటి సొమ్ము 2025 ఫిబ్రవరిలో తీరెను. మొదటి సొమ్మును ఆమె చేతిలో పెట్టిన దినమున ఆమె, “డబ్బు సంగతి తరవాత అయ్యగారూ. ముందు ఆ గొయ్యి పూడ్పించండి. పక్కింటోళ్ళ ఆవు కూడా అటే తిరుగుతుంది” అనెను. ఆ సాయంకాలమే మేమును యౌవనస్థులును పారలు పట్టుకొని పూడ్చితిమి. ఇప్పుడు ఆమె పాకలో ఒక చూడి పడ్డ యున్నది.

8. మనము చేయవలసినవి

విందులో మిగిలిన అన్నమును పశువులకు వేయకుడి, వాటికి అందుచోట పారవేయకుడి. మిగిలినదానిని ఆ పూటనే పేదలకు పంచుడి. పాడైనదానిని లోతుగా పాతిపెట్టి, ఆ రాత్రియే మన్ను కప్పుడి. కవర్లను వేరుగా మూట గట్టి పంచాయతీ చెత్తబండికి ఇయ్యుడి. విస్తరాకులు వాడుడి. ఇల్లు కట్టుచోట తీగెముక్కలను, మేకులను ఏరివేయుడి.

పశువు నెమరు మానినచో తెల్లవారువరకు ఆగకుడి. 1962 నంబరునకు ఫోను చేసి పశువుల అంబులెన్సును అడుగుడి, లేక దగ్గరనున్న పశువైద్యుని పిలువుడి. గొట్టముతో బలవంతముగా ఏమియు పోయకుడి, అది ఊపిరితిత్తులలోనికి పోవచ్చును. కాపరిని లేపవలసివచ్చినను లేపుడి. మా తలుపు రాత్రి రెండు గంటలకును తీయబడును.

ధ్యానమును గూర్చిన పాత పోలికను మేము విడువలేదు. గాని ఇప్పుడు దానికి ఒక మాట కలిపి చెప్పుచున్నాము. పశువు తనకు అందినదంతయు మ్రింగును, ఏరుకొనలేదు. కావున దాని యెదుట ఏమి పెట్టుచున్నాము అనుదానికి మనమే ఉత్తరవాదులము. మన పిల్లలును, చదువురాని మన పెద్దలును, మన మాటను నమ్మి కూర్చున్న సంఘమును కూడ అంతే.

కూటములలో ఆలోచించుటకు ప్రశ్నలు

1. మన ప్రార్థనాలయము చుట్టును, మన ఇండ్ల చుట్టును మూయని గోతులు ఎన్ని యున్నవి? ఈ వారము ఎవరు పూడ్చెదరు?

2. మనము తెలియక చేసిన పనివలన పొరుగువానికి నష్టము కలిగినప్పుడు, “నేను కావలెనని చేయలేదు” అనుట చాలునా? నిర్గమకాండము 21:33, 34 చదివి మాటలాడుకొనుడి.

3. మన సంఘములో రాత్రివేళ కష్టము కలిగినను కాపరిని గాని పెద్దలను గాని లేపుటకు జంకువారు ఎవరు? వారి జంకు తీరుటకు మనమేమి చేయగలము?

4. ఈ రాత్రి పండుకొనకముందు మీ పాకలోనికి పోయి నెమరు చప్పుడు వినుడి. ఏమి వింటిరో వచ్చు కూటములో చెప్పుడి.